వినేవాళ్ళ మాట వినేదెవరు?

మొన్న ఆదివారం మా అక్కకూతురు వచ్చింది. దానికిష్టమని గుత్తివంకాయ చేశాను. కంచం ముందు కూచుని అన్నం కెలుకుతుందే గానీ ముద్ద ఎత్తదు. ఆ పిల్ల మనోవైద్యంలో శిక్షణ పొందుతోంది. మందులిచ్చే డాక్టరు కాదు, ఎదురుగా కూచోబెట్టుకుని మాట్లాడించి నయం చేసే చదువు. "ఏమే, వంట బాగాలేదా?" అన్నాను. "వంటకేం పిన్నీ, బ్రహ్మాండం. నేనే బాగాలేను" అంది.

విషయమేమిటంటే, ఆ వారం ఒకావిడ తన దుఃఖం చెప్పుకుంటోందిట. పేరూ ఊరూ అది చెప్పలేదు, నేనూ అడగలేదు. నవలలు రాసుకునే పిన్ని దగ్గర అలాంటివి చెప్పకూడదని దానికి బాగా తెలుసు. ఆవిడ చెబుతూ చెబుతూ కన్నీళ్ళు తుడుచుకుంటున్న సమయంలో ఇది గోడ గడియారం వంక చూసింది. అంతే. ఆవిడ చూసిందో లేదో తెలీదు. కానీ చెప్పటం ఆపేసి, చెంగు సర్దుకుని, "వస్తానమ్మా" అని లేచిపోయింది.

"నాలాంటి దానికి ఈ వృత్తి ఎందుకు పిన్నీ? పైగా మంగళవారం ఇదంతా మా సూపర్‌వైజరుకి చెప్పాలి" అంది.

సూపర్‌వైజరు అనగానే నాకు పరీక్ష హాల్లో చేతులు వెనక్కి కట్టుకుని తిరిగే శాల్తీయే గుర్తొచ్చింది. దొంగలెవరా అని వెతికే మనిషి. "దాచిపెట్టేస్తే పోలా?" అన్నాను, కాపీ కొట్టని వాళ్ళు కూడా ఆ శాల్తీని చూసి ఎందుకు ఒణుకుతారో తెలిసిన దాన్ని గనక. అది నా వంక వింతగా చూసి, "దాచిపెట్టటానికి కాదు పిన్నీ, చెప్పుకోవటానికే ఆవిడ ఉన్నది" అంది.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఊరందరి ఏడుపూ వినే మనిషికి, తన ఏడుపు వినటానికొకరుండాలని ఎవరికి తోచింది మొదట? పుస్తకాలు ముందేసుకుని కూచున్నాను. తవ్వితే ఆశ్చర్యంగా అందులో చాలాభాగం ఆడవాళ్ళ కథ. అదీ ఎక్కువగా మనలాంటి మధ్యతరగతి ఆడవాళ్ళ కథ.

మొదలు వైద్యంలో లేదు, దానధర్మాల్లో ఉంది. 1869లో లండన్‌లోనూ, 1877లో అమెరికాలోని బఫెలో నగరంలోనూ ధర్మసంస్థల సంఘాలు పుట్టాయి. చిల్లర విదిలించి చేతులు దులుపుకోవటం కాదు, బీదవాళ్ళ ఇళ్ళకి స్నేహితుల్లా వెళ్ళి కష్టసుఖాలు విచారించాలని వాళ్ళ ఉద్దేశం. కొంచెం కలిగిన కుటుంబాల స్త్రీలు స్వచ్ఛందంగా బయల్దేరారు. ఉత్సాహం కొండంత, అనుభవం గోరంత. వెళ్ళిన ఇంట్లో మొగుడు తాగి పడుంటాడు, పిల్లకి జ్వరం, పొయ్యిలో పిల్లి. ఈవిడ రెండు నీతివాక్యాలు చెప్పి, వాళ్ళు వినకపోతే కోపం తెచ్చుకుని ఇంటికొస్తుంది. మూడోవారం మానేస్తుంది. (మన మహిళామండళ్ళలో ఇలాంటివి చూడని వాళ్ళుంటే చెయ్యెత్తండి!) అందుకని సంఘంలో జీతానికి పనిచేసే ఉద్యోగినులు వీళ్ళని కూచోబెట్టుకుని, ఏ ఇంట్లో ఏం జరిగిందో చెప్పించుకుని, అలిసిపోయిన వాళ్ళకి ధైర్యం చెప్పి, తొందరపడే వాళ్ళకి కళ్ళెం వేసి మళ్ళీ పంపేవారు. ఈనాడు సూపర్‌విజన్ అనే పెద్దపేరుతో నడుస్తున్న దానికి అదే పురిటిగది.

వాళ్ళలో మేరీ రిచ్‌మండ్ అనే ఆవిడని తలుచుకోకుండా ముందుకి పోలేను. 1861లో పుట్టింది. చిన్నప్పుడే తల్లీదండ్రీ పోతే బాల్టిమోర్‌లో అమ్మమ్మా, పిన్నులూ పెంచారు. కాలేజీ గడప తొక్కలేదు. 1889లో అక్కడి ధర్మసంస్థలో లెక్కల విభాగంలో చిన్న ఉద్యోగానికి చేరింది. మంచి మనసుంటే చాలదు, ఈ పనికి చదువూ శిక్షణా కావాలని 1897లో టొరంటోలో జరిగిన సభలో గట్టిగా వాదించింది. మరుసటేడే న్యూయార్క్‌లో ఆరువారాల వేసవి తరగతి మొదలైంది. అప్పటిదాకా దయ అంటే పుట్టుకతో రావలసిందేననీ, ముఖ్యంగా ఆడపుట్టుకతో వస్తుందనీ లోకం అనుకుంటోంది. కాదు, నేర్చుకోవాలీ, నేర్పాలీ అంది కాలేజీ చదవని ఈ ఆడమనిషి.

ఇక మనసు వైద్యం సంగతి. 1920 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో మాక్స్ ఐటింగన్ తదితరులు ఒక ఉచిత వైద్యశాల తెరిచారు. ఫ్రాయిడ్ శిష్యుల పద్ధతిలో బీదవాళ్ళక్కూడా చికిత్స చెయ్యాలని. అప్పుడు నేర్చుకునే వాళ్ళకి మూడు మెట్లు పెట్టారు. తాను కూడా ఒకరి దగ్గర చికిత్స పొందటం, పాఠాలు చదవటం, ఆ తరవాత పెద్దవారి పర్యవేక్షణలో రోగిని చూడటం. మూడోదాని పేరు 'కంట్రోల్'. పేరు వింటే రేషన్‌షాపు గుర్తొస్తుంది కదూ! ఎక్కువ తక్కువలు లేకుండా చూసే పనే మరి.

అదే కాలంలో మన కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లో భారతీయ మనోవిశ్లేషణ సంఘం స్థాపించాడు. ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడిపాడు, సొంత సిద్ధాంతాలు చేశాడు. కానీ ఆయన్ని ముందు కూచోబెట్టి విన్న గురువంటూ ఎవరూ లేరు. తనంత తానే అన్నీ దిద్దుకోవలసి వచ్చింది. గొప్పే, కాదనను. అయినా ఆ ఒంటరితనం తలుచుకుంటే నాకు జాలేసింది.

నన్ను కట్టిపడేసింది మాత్రం బుడాపెస్ట్ నగరం. అక్కడ విల్మా కొవాచ్ అనే ఆవిడ ఉండేది. 1883లో పుట్టింది. పదిహేనేళ్ళకే, తనకన్నా ఇరవైయేళ్ళు పెద్దవాడైన బంధువుకిచ్చి పెళ్ళి చేశారు. ఎక్కడి హంగరీ, ఎక్కడి మన కోనసీమ! మా అమ్మమ్మ తరం కథే చదువుతున్నట్టుంది. ముగ్గురు బిడ్డల తల్లయ్యాక క్షయ పట్టుకుంది. ఆ కాపురం విడిచి, విడాకులు పుచ్చుకుని, ఫ్రిగెష్ కొవాచ్ అనే ఆర్కిటెక్టుని పెళ్ళాడింది. ఆయన ఇళ్ళు కట్టే వృత్తిలో ఉన్నవాడు. గుమ్మం దాటి బయటికి వెళ్ళాలంటే భయపడే జబ్బుతో ఆవిడ షాండోర్ ఫెరెంజీ అనే వైద్యుడి దగ్గరికి చికిత్సకి వచ్చింది. రోగిగా వచ్చిన మనిషి విద్యార్థిని అయింది. విద్యార్థిని ఉపాధ్యాయిని అయింది. 1931లో వాళ్ళ ఉచిత వైద్యశాల తెరిచినది ఆ దంపతులిచ్చిన చోటులోనే.

అప్పట్లో గురువుల మధ్య ఒక తగాదా నడిచింది. నేర్చుకునే కుర్రాడి మనసుకి చికిత్స చేసేది ఒకరు, అతడు రోగిని చూస్తుంటే పర్యవేక్షించేది వేరొకరు అయి ఉండాలని వియెన్నా, బెర్లిన్ వాళ్ళ వాదం. బుడాపెస్ట్ వాళ్ళు కాదన్నారు. మొదటి రోగి విషయంలో మాత్రం ఆ ఇద్దరూ ఒకరే కావాలన్నారు. ఎందుకంటే, రోగి చెప్పిన మాటకి వైద్యుడి లోపల ఎక్కడ ముల్లు గుచ్చుకుందో అతని మనసు ముందే ఎరిగిన వాళ్ళకే పట్టుబడుతుంది. ఈ సంగతి 1936లో విల్మా కొవాచ్ వ్యాసంగా రాసింది. తగాదాలో ఎవరిది న్యాయమో తేల్చటానికి నేను తగను. నిజానికి చనువు మరీ ఎక్కువైతే తప్పు చెప్పటం కష్టమని వియెన్నా వాళ్ళ భయం కొట్టిపారేసేదేమీ కాదు. కానీ 'రోగికేమైంది?' అనే ప్రశ్న పక్కన 'వింటున్న నీకేమైంది?' అనే ప్రశ్నని సమానంగా కూచోబెట్టింది చూశారూ, దానికి నేనావిడకి నమస్కరిస్తాను.

ఆవిడ కూతురు ఆలిస్. అల్లుడు మైకేల్ బాలింట్, వీధి డాక్టరుగారబ్బాయి. ఈ అల్లుడు 1930ల్లో బుడాపెస్ట్‌లో మామూలు డాక్టర్లని పోగుచేసి, వాళ్ళ రోగుల గురించి మాట్లాడుకునే సమావేశాలు మొదలెట్టాడు. అవి నియంత రోజులు. నలుగురు కూడితే అనుమానం. ప్రతి సమావేశానికీ మఫ్టీలో ఒక పోలీసు వచ్చి కూచుని, అన్నీ రాసుకునేవాడట. మనసు విప్పటం సంగతి దేవుడెరుగు, నోరు విప్పటమే కష్టమైంది. దీనివల్ల జరిగిందల్లా ఒకటే. ఆ పోలీసాయన మెల్లిగా ఈ డాక్టర్లలో ఒకరి దగ్గరికి చేరి తన గొడవో, భార్య గొడవో, బిడ్డ గొడవో చెప్పుకోవటం! బాలింటే తరవాత రోజుల్లో ఈ సంగతి రాశాడు. చదివి నవ్వుకున్నాను. నవ్వయ్యాక, నిఘా వెయ్యటానికి వచ్చిన వాడికి కూడా చెప్పుకోవలసింది ఏదో ఉండిందే అనిపించింది.

1939లో బాలింట్ దంపతులు ఇంగ్లండు పారిపోయారు. మాంచెస్టరు చేరిన కొన్ని నెలలకే ఆలిస్ హఠాత్తుగా చనిపోయింది. మరుసటేడు బుడాపెస్ట్‌లో తల్లి విల్మా పోయింది. 1945లో, నాజీలు పట్టుకుపోతారన్న సమయంలో, బాలింట్ తల్లిదండ్రులు ప్రాణాలు తీసుకున్నారు. ఇన్ని దెబ్బలు తిన్న మనిషి యుద్ధం తరవాత లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో మళ్ళీ అదే పని మొదలుపెట్టాడు.

ఈసారి దారి చూపింది ఎనిడ్ అనే ఆవిడ. 1948లో, కాపురాలు చెడిన దంపతుల కోసం ఆవిడ ఒక సంస్థ మొదలెట్టింది. అక్కడ పనిచేసే సమాజసేవికలతో వారంవారం కూచుని కేసులు చర్చించేది. మైకేల్ అక్కడికొచ్చి చేరాడు. 1953లో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. వాళ్ళ పద్ధతిలో ఒక తమాషా ఉంది. కాగితాలు చూసి చదవకూడదు. రోగి గురించి గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పాలి. ఏది మరిచిపోయాడో, ఎక్కడ గొంతు మారిందో, ఏ రోగి పేరెత్తగానే విసుక్కున్నాడో, అవే అసలు సమాచారం! డాక్టరు ఎక్కువగా వాడే మందు డాక్టరే, కానీ ఆ మందు ఎంత మోతాదులో వెయ్యాలో ఏ పుస్తకంలోనూ రాసి లేదన్నాడు బాలింట్. 1957లో ఆ అనుభవాలన్నీ పుస్తకంగా తెచ్చాడు. ఆయన 1970లో పోయినా, ఎనిడ్ 1994లో పోయేదాకా పని సాగిస్తూనే వచ్చింది. వాళ్ళ పేరు మీద చాలా దేశాల్లో డాక్టర్ల బృందాలు ఈ రోజుకీ ఇలా కూచుంటున్నాయి. పేరు 'బాలింట్ బృందం'. ఇద్దరి పేరూ అదే గనక ఎనిడ్‌కి అన్యాయం జరగలేదని సర్దుకుందాం.

అట్లాంటిక్ అవతల కార్ల్ రోజర్స్ ఇంకో దారి పట్టాడు. వైద్యుడు గుర్తుపెట్టుకుని చెప్పేది ఎంతవరకు నిజం అని అనుమానం వచ్చింది ఆయనకి. 1940ల మొదట్లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో సంభాషణలన్నీ గ్రామఫోను పళ్ళేల మీదకి ఎక్కించాడు. నిమిషాల్లో పళ్ళెం నిండిపోయేది, మార్చుకుంటూ కూచోవాలి. వినేసరికి శిష్యులూ, తానూ తెల్లబోయారు. మేం ఊరికే వింటున్నాం అనుకున్నవాళ్ళు, తెలీకుండానే ఎన్నిసార్లు రోగిని తమదారికి ఈడ్చారో ఆ పళ్ళేలు చెప్పేశాయి. 1942లో ఒక చికిత్సలోని ఎనిమిది సమావేశాల్నీ మాట పొల్లుపోకుండా అచ్చువేశాడు. నా మటుకు నేను, మా వారితో మాట్లాడినప్పుడు ఎవరైనా రికార్డు చేసి వినిపిస్తే, నెలరోజులు నోరెత్తను.

1955లో హెరాల్డ్ సెర్ల్స్ అనే అమెరికన్ వైద్యుడు ఒక విచిత్రం కనిపెట్టాడు. శిష్యుడు గురువు దగ్గరికొచ్చి రోగి గురించి చెప్పేటప్పుడు, తనకి తెలీకుండానే రోగిలా ప్రవర్తిస్తాడు. రోగి నసిగితే ఇతనూ నసుగుతాడు. రోగి ఎవరి సాయమూ ఒద్దని ముడుచుకుంటే ఇతనూ గురువు ముందు ముడుచుకుంటాడు. అక్కడ జరిగింది ఇక్కడ మళ్ళీ జరుగుతుంది. గురువుకి కలిగే విసుగో, జాలో, నిద్రమత్తో, అవతలి గదిలో ఏం జరిగిందో చెప్పే ఆనవాలు. అత్తమీద కోపం దుత్తమీద చూపించే దేశం మనది. ఈ మాత్రం మన వంటిళ్ళకి ఏనాడో తెలుసు. కాకపోతే, పగిలిన దుత్తని చూసి 'అమ్మాయికి అక్కడ ఏమైంది?' అని అడిగిన వాళ్ళు తక్కువ.

మంచి వైద్యుడైతే చాలు, మంచి గురువు తానే అవుతాడని చాలాకాలం అనుకున్నారు. బాగా పాడేవాళ్ళంతా సంగీతం చెప్పగలరా? గొంతు ఎంత గొప్పదైనా, పక్కవాళ్ళ శృతి ఎక్కడ తప్పిందో నొప్పించకుండా పట్టుకోవటం ఇంకో విద్య. ఎక్‌స్టైన్, వాలర్‌స్టైన్ అనే ఇద్దరు 1958లో దీని మీదే ఒక పెద్ద పుస్తకం రాశారు. అప్పట్నుంచి పర్యవేక్షణ విడిగా నేర్చుకోవలసిన వృత్తిగా క్రమంగా స్థిరపడింది.

ఇక మా పిల్ల నేర్చుకుంటున్న పద్ధతికి వస్తాను. దాన్ని కరుణ మీద ఆధారపడ్డ చికిత్స అంటారు. బ్రిటన్‌లో పాల్ గిల్బర్ట్ అనే మనస్తత్వవేత్త రూపొందించాడు. దిగులుజబ్బు ఉన్నవాళ్ళకి అప్పటికే ఒక పద్ధతి ఉంది. 'నేను పనికిమాలినదాన్ని' అనే ఆలోచన వస్తే, దానికి సాక్ష్యాలేమిటని తర్కించి, 'కాదు, నేను చేసిన మంచి పనులూ ఉన్నాయి' అని జవాబు చెప్పుకోవాలి. రోగులు చక్కగా చెప్పుకునేవారు. అయినా గుండె బరువు దిగేది కాదు. ఎందుకని ఆయన ఆరా తీశాడు. ఆ జవాబు నీ తలలో వినిపించినట్టే పైకి చెప్పమన్నాడు ఒకావిడని. ఆవిడ చెప్పింది. మాటలన్నీ మంచివే. గొంతు మాత్రం కసిరే గొంతు! 'నువ్వు బాగానే ఉన్నావుగా, ఇంకా ఏడుపెందుకు?' అని దవడ మీద కొట్టినట్టు. అసలు వైద్యం మాటకి కాదు, గొంతుకి కావాలని ఆయనకి అర్థమైంది.

మన మనసులో మూడు ఏర్పాట్లుంటాయంటాడు. ప్రమాదం పసిగట్టి భయపెట్టేది ఒకటి, ఏదో సాధించాలని పరిగెత్తించేది ఒకటి, ఒళ్ళో పడుకున్న పిల్లాడిలా నెమ్మదింపజేసేది ఒకటి. నిత్యం తిట్లు తిని పెరిగిన వాళ్ళలో మూడోది బలం పుంజుకోదు. వాళ్ళకి దయ చూపిస్తే హాయి కలగదు, భయం కలుగుతుంది. పుట్టింటికొచ్చిన కూతురు, "ఎలా ఉన్నావే?" అని అమ్మ తలమీద చెయ్యి వేసేదాకా బాగానే ఉండి, వెయ్యగానే బావురుమనటం చూశాం కదా. అలా పొంగేదానికి జడిసి కొందరు ఆ చెయ్యే పడనివ్వరు. గిల్బర్ట్ 2006లో ఈ పని కోసం ఒక సంస్థ పెట్టాడు, 2009లో మామూలు పాఠకుల కోసం పుస్తకం రాశాడు.

ఈ పద్ధతిలో సూపర్‌వైజరు పని మరీ సున్నితం. కరుణకి మూడు దారులు. మనం ఇతరులకి చూపేది, ఇతరులు చూపితే మనం పుచ్చుకునేది, మనకి మనం చూపుకునేది. వైద్యం నేర్చే ఆడపిల్లలు మొదటిదాంట్లో నూటికి నూరు తెచ్చుకుంటారు. మిగతా రెంటిలో సున్నా. తనను తాను కొరడాతో కొట్టుకునే మనిషి ఎదుటివాళ్ళకి 'నిన్ను నువ్వు కొట్టుకోకమ్మా' అని ఎన్నాళ్ళు చెబుతుంది? అందుకని సూపర్‌వైజరు ముందు శిష్యురాలి ఊపిరి నిదానించనిస్తుంది. భయం మోగుతున్నప్పుడు బుర్రలోకి పాఠం ఎక్కదు గనక. రికార్డు వింటే మాటలతో పాటు గొంతు వింటుంది. ఒక్కోసారి రెండు కుర్చీలు వేస్తుంది. ఒక దాంట్లో తిట్టే మనసు కూచుని మాట్లాడాలి, రెండోదాంట్లో తిట్లు తినే మనసు. నాటకంలా ఉంది కదూ? నాటకమే.

అలాగని కరుణంటే వీపు నిమిరి పంపటం కాదు. రోగికి నష్టం జరిగే చోట, 'ఇది తప్పు, ఇలా చెయ్యకూడదు' అని సూపర్‌వైజరు చెప్పి తీరాలి. బాధని చూసి తప్పుకోకుండా నిలబడటమూ, దాన్ని తగ్గించటానికి పూనుకోవటమూ రెండూ ఉంటేనే కరుణంటాడు గిల్బర్ట్. దానికి ధైర్యం కావాలి. మొహమాటానికి పోయి తప్పు చెప్పని గురువుది దయ కాదు, బద్ధకం. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో తెలుసుకోవటానికే వాళ్ళకి ఏళ్ళు పడుతుందిట. పెద్ద సూపర్‌వైజర్లు కూడా ఇంకొకరి దగ్గర కూచుని తమ పని చెప్పుకుంటారని విని, 'ఇదెక్కడి గొలుసమ్మా!' అనుకున్నాను.

మంగళవారం రాత్రి ఫోన్ చేసింది మా పిల్ల. ఆత్రం పట్టలేక, "ఏమందే మీ ఆవిడ?" అన్నాను.

గడియారం సంగతి చెప్పేసిందిట. ఆవిడ వెంటనే ఏమీ అనలేదు. "అప్పట్నుంచీ నిన్ను నువ్వు ఏమని తిట్టుకుంటున్నావో, ఆ గొంతుతోనే నాకు వినిపించు" అందిట. ఇది వినిపించిందిట. "అచ్చం మా నాన్న గొంతు పిన్నీ. మార్కుల కార్డు చూసేటప్పటి గొంతు" అంది. మా బావగారు నాకూ తెలిసినవాడే. నేనేం మాట్లాడలేదు.

"తరవాత?"

"తరవాత, గడియారం చూసే ముందు క్షణంలో ఏమైందని అడిగారు. ఆలోచిస్తే గుర్తొచ్చింది. ఆవిడ ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది. ఏడిస్తే ఎలాగని చూపు తిప్పుకున్నాను. తిప్పుకున్నచోట గడియారం ఉంది."

"అయితే తప్పు లేదన్నమాట" అన్నాను, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని.

"లేదనలేదు. ఆవిడ లేచి వెళ్ళిపోయింది, అది నిజం, దాన్ని నువ్వు సరిచెయ్యాలి అన్నారు. 'కిందటిసారి మీరు మాట్లాడుతుంటే నా చూపు పక్కకి పోయింది, మీకెలా అనిపించింది?' అని నేనే ముందు అడగాలిట. సంజాయిషీ ఇచ్చుకోకుండా అడగాలిట. మేమిద్దరం నాలుగుసార్లు ఆడి చూశాం. ఆవిడ రోగి, నేను నేను. నాలుగోసారికి కాస్త కుదిరింది."

"మరి ఎప్పుడొస్తుంది ఆవిడ?"

"గురువారం రావాలి. వస్తుందో రాదో తెలీదు" అంది. కాసేపాగి, "పిన్నీ, ఆదివారం గుత్తివంకాయ మిగిలిందా?" అంది.

మిగల్లేదు. మళ్ళీ చేస్తానన్నాను.